అక్షరానికి అణా

పాత ఊళ్లో దొరల సమాధుల గేటుకి తాళం.
గోడ మాత్రం నడుమెత్తే.
నల్లకోటు మడిచి సంచిలో కుక్కి దూకాను.
మా సీనియరు చూస్తే ఏమనేవాడో.

నాక్కావలసింది ఒక్క రాయి.
పడమటి మూల, సరుగుడు రాలుకింద,
ఉప్పుగాలి సగం నాకేసిన ఎర్రకొండ రాయి.
దాని మీద ఇంగ్లీషులో
అమాసా వెదర్‌బీ
లాయర్
లెజిస్లేటర్
డిప్లొమా

నవ్వొచ్చింది.
డిప్లొమాట్ అని ఉండాలి. చివరి అక్షరం లేదు.
అరిగిపోలేదు, అసలు చెక్కనేలేదు.

ఎందుకో కురుపాం మార్కెట్ వెనక
తుక్కు కాగితాల కొట్లో తూకానికి కొన్న
ద్విభాషి చిట్టాలో ఉంది:
"దొరగారికి జ్వరం, పదకొండో రోజు. క్వినైను ఏడణాలు.
పెట్టెకి టేకు చెక్క. మోసినవాళ్లకి కల్లు.
మిగులు రెండు రూపాయల అయిదణాలు.
రాయి చెక్కే చిన్నమయ్య అక్షరానికి అణా అంటాడు.
బేరం కుదరలేదు."

వేళ్ల మీద లెక్కేశాను, రెండుసార్లు.
ముప్పై ఏడు అక్షరాలు. సరిపోయింది.
రాయబారానికి ఒక్క అణా తక్కువ.

ఆర్నెల్లకి ఓడలో వచ్చిందట భార్య ఉత్తరం,
రాతి మీద వేయించమని నాలుగు పేజీల జీవితం.
ద్విభాషి దాన్ని ఓపిగ్గా తెలుగు చేసి పెట్టుకున్నాడు,
ఎవరు చదువుతారనో.

ఏదో పెద్ద నది ఒడ్డున, ఇరవై ఆరేళ్ల వయసులో
బల్లకట్టు వాళ్ల రేవుహక్కు కోసం వాదించి గెలిచాడు.
వాళ్లు భుజాలకెత్తుకున్నారు.
ఆ భుజాల మీంచే శాసనసభకి వెళ్లాడు,
అదే నది మీద వంతెనకి చెయ్యెత్తాడు.
బల్లకట్లు పొయ్యిలోకి పోయాయి.
ఆ రెండు సంగతులకీ మధ్య భార్య ఒక కామా పెట్టింది.
ద్విభాషి ఆ కామాని కూడా వదల్లేదు.
తర్వాత ఎక్కడో చిన్న దేశంలో రాయబారి.
అధ్యక్షుడు మారాడు, కుర్చీ మారింది.
ఆఖరికి కరక్కాయల లెక్క, గోనెల లెక్క చూసుకోమని
విశాఖపట్నం.

అప్పటికి ఇక్కడ హార్బరు లేదు.
యారాడ కొండకి ఎడంగా, నడిసముద్రంలో ఆగేది ఓడ.
మైలపల్లి పోలన్న మసూలా పడవలో అలలు దాటించి
మొలలోతు నీళ్లలో దిగి వీపు చూపించాడు.
"ఎక్కు బాబూ."
వంతెన వేయించిన మనిషి
ఒకడి వీపెక్కి ఊళ్లోకొచ్చాడు.

ఆ యేడే పడవకూలి కోసేశారు.
కాన్సలుకి కోర్టులో నోరు లేదు.
రాత్రుళ్లు సోల్జర్‌పేట మేడలో దోమతెర కింద కూర్చుని
పోలన్నకి అర్జీలు రాసిచ్చాడు. పద్నాలుగు.
ఒక్కదానికీ జవాబు రాలేదు.
"దొర మళ్లీ ప్లీడరైపోనాడు" అని ఊళ్లో ఎవరో అన్నదీ
చిట్టాలో ఉంది, తాటాకుల ఖర్చు కింద.
పాపం కడుక్కున్నాడా? నాకు తెలీదు.
అర్జీల్లో ఎక్కడా నది ప్రస్తావన లేదు.

చివరి పద్దు:
"పోలన్న అణా తెచ్చినాడు. ఆ ఒక్క అచ్చరం ఎట్టించండన్నాడు.
చిన్నమయ్య సింహాచలం పనికి ఎల్లిపోనాడు.
అణా నా దగ్గర ఉన్నది."
ఆ తర్వాతి పేజీలు చెదలవి.

పర్సులో రూపాయి బిళ్ల దొరికింది.
అక్షరం ఉండాల్సిన చోట ఆనించి చూశాను,
జారి గడ్డిలో పడింది. వెతకలేదు.

సోమవారం నా కేసు.
పెదజాలరిపేట వాళ్లు తెప్పలు ఆరబెట్టుకునే ఇసక గురించి.
అటువైపు వాళ్లు మ్యాపు తెస్తారు,
ఇసక మీదుగా నీలిగీతతో ఒక వంతెన.
ఫీజు వద్దంటే చుక్కమ్మ వినలేదు,
ఎండు నెత్తళ్లు పొట్లం కట్టి టేబుల్ మీద పెట్టి వెళ్లింది.
ఫైలంతా ఆ వాసనే.

ఆ వంతెన పడితే
ఇంటి నుంచి కోర్టుకి నాకు పావుగంట కలిసొస్తుంది.
ఈ మాట వాళ్లకింకా చెప్పలేదు.